కారు అద్దం లోపలే ఉన్నా ముఖం ముడతలు పడుతుందా? కొండాపూర్ ఉద్యోగులు తెలుసుకోవాల్సిన చర్మం వయసు లెక్క ఇదే

పొద్దున తొమ్మిదిన్నర. కొత్తగూడ జంక్షన్ దగ్గర బండ్లు నత్తనడక నడుస్తున్నాయి. కార్లలో అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టుకుని కూర్చున్నారు కొందరు. ముఖానికి చున్నీ చుట్టుకుని, చేతులకు స్లీవ్స్ వేసుకుని స్కూటీ మీద ఉన్నారు ఇంకొందరు. పక్కనే కట్టే బిల్డింగ్ దగ్గర తలకి తువ్వాలు కట్టుకుని ఇటుకలు మోస్తున్నారు కూలీలు.

వీళ్లలో ఎవరి చర్మం సేఫ్? కారులో ఉన్నవాళ్లదే అని టక్కున చెప్పేస్తాం. కానీ విషయం అంత సింపుల్ కాదు. స్కూటీ మీద చున్నీ చుట్టుకున్న అమ్మాయి ముఖానికి ఉన్న రక్షణ, కారు కిటికీ పక్కన కూర్చున్న వ్యక్తికి ఉండకపోవచ్చు!

ఎందుకలా? చర్మానికి వయసు ఎలా వస్తుంది? దాన్ని ఎంతవరకు ఆపగలం? ముప్ఫై దాటగానే "ముఖం డల్‌గా ఉంది" అనుకుని మెడికల్ షాపులో కొనే క్రీములతో ముప్పేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

చర్మానికి రెండు వయసులు

మొదటిది పుట్టిన తేదీ ప్రకారం వచ్చే వయసు. ఇది అందరికీ వస్తుంది. ఎంత తొందరగా వస్తుందన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల మీద ఆధారపడుతుంది. దీన్ని ఆపడం ఎవరివల్లా కాదు.

రెండోది బయటి నుంచి మీదపడే వయసు. ఎండ, పొగ, సిగరెట్, కాలుష్యం దీనికి కారణాలు. వీటన్నింటిలో పెద్ద వాటా ఎండదే.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మీ చేతి పైభాగం, అంటే మణికట్టు దగ్గరి చర్మం చూడండి. తర్వాత చెయ్యి పైకెత్తి చంక దగ్గర లోపలి వైపు చర్మం చూడండి. రెండూ ఒకే మనిషివి, ఒకే రోజు పుట్టినవి. కానీ లోపలి చర్మం నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. బయటి చర్మం మీద గీతలు, మచ్చలు కనిపిస్తాయి. ఆ తేడాలో ఎక్కువ భాగం ఎండ పనే. వయసు మన చేతిలో లేదు కానీ ఈ తేడా మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

లోపల అసలేం జరుగుతుంది?

చర్మం పైపొర కింద ఇంకో మందమైన పొర ఉంటుంది. అందులో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు అల్లుకుని ఉంటాయి. నవారు మంచం గుర్తు తెచ్చుకోండి. నవారు బిగుతుగా ఉన్నంతకాలం మంచం సమంగా ఉంటుంది. నవారు వదులైతే మధ్యలో గుంత పడుతుంది. కొలాజెన్ అచ్చం ఆ నవారు లాంటిదే. దానితో పాటు ఎలాస్టిన్ అనే ఇంకో ప్రొటీన్ ఉంటుంది. చర్మాన్ని లాగి వదిలితే మళ్లీ యథాస్థానానికి వచ్చేది దానివల్లే.

ఇరవైల తర్వాత నుంచి కొలాజెన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక తొలి ఐదేళ్లలో ఈ తగ్గుదల ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఐదేళ్లలో దాదాపు 30 శాతం వరకు కొలాజెన్ పోతుందని అంచనా. "యాభై దాటాక అమ్మ ముఖం ఒక్కసారిగా మారిపోయింది" అని ఇళ్లలో అనుకునే మాట వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇదంతా సహజంగా జరిగేది. ఎండ తగిలితే ఏమవుతుంది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో కొన్ని ఎంజైములను రెచ్చగొడతాయి. అవి కత్తెరల్లాగా కొలాజెన్ పోగులను తెంపుతాయి. తెగినచోట శరీరం రిపేర్ చేస్తుంది, కానీ మునుపటంత నీట్‌గా చేయదు. రోజూ కొంచెం తెగుతుంది, కొంచెం అతుకు పడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అతుకులే ముడతలుగా బయటపడతాయి.

అద్దం ఏం ఆపుతుంది? ఏం ఆపదు?

భూమి మీదకు చేరే అతినీలలోహిత కిరణాల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. యూవీబీ కిరణాలు చర్మం పైపొరను కాలుస్తాయి. మంట, ఎరుపు, కమిలిపోవడం ఎక్కువగా వీటివల్లే. యూవీఏ కిరణాలు ఇంకా లోతుకు, కొలాజెన్ దాకా వెళ్తాయి. వీటితో మంట పెద్దగా తెలియదు. ముడతలు తెచ్చేది ముఖ్యంగా ఇవే.

మామూలు గాజు యూవీబీని చాలావరకు ఆపేస్తుంది. యూవీఏని మాత్రం చాలావరకు లోపలికి వదిలేస్తుంది. కారు ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది కాబట్టి యూవీఏని కూడా బాగానే అడ్డుకుంటుంది. పక్క కిటికీ అద్దాలు చాలా కార్లలో అలా ఉండవు. అంటే కారులో కూర్చుంటే ముఖం కమలదు.. కానీ కొలాజెన్ తెగుతూనే ఉంటుంది. కమలడం లేదు కదా అని మనం పట్టించుకోం. అసలు చిక్కు అక్కడే.

దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో 28 ఏళ్ల పాటు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవర్ ఫొటోను 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ముఖం కుడివైపు మామూలుగా ఉంది. ఎడమవైపు మాత్రం లోతైన ముడతలు, మందంగా వేలాడే చర్మం! అక్కడ డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు. కిటికీ నుంచి ఎండ పడింది ఆ పక్కనే.

ఇప్పుడు దీన్ని మన రూట్‌కి అన్వయించుకుందాం. మియాపూర్ వైపు నుంచి కొండాపూర్ మీదుగా గచ్చిబౌలికి వెళ్లే కారు దాదాపు దక్షిణం వైపు వెళ్తుంది. పొద్దున సూర్యుడు తూర్పున, అంటే ఎడమ పక్కన ఉంటాడు. సాయంత్రం అదే దారిలో ఉత్తరానికి తిరిగి వస్తే పడమటి ఎండ మళ్లీ ఎడమ పక్కనే! కాబట్టి ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్నవాళ్లకే నేరుగా తగిలేది ఎక్కువ. అదే గచ్చిబౌలిలో ఉంటూ కొండాపూర్, మియాపూర్ వైపు పనికి వచ్చేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. పొద్దునా సాయంత్రం రెండుసార్లూ కుడి పక్క, అంటే డ్రైవర్ మీదే ఎండ. రోజంతా అటూ ఇటూ తిరిగే క్యాబ్ డ్రైవర్లకు రెండు వైపులా వంతే.

అద్దానికి నల్ల ఫిలిం వేయించుకుంటే సరిపోదా అనుకోవద్దు. 2012లో సుప్రీంకోర్టు వాటిపై నిషేధం విధించింది. ఫుల్ స్లీవ్స్, సన్‌స్క్రీన్ తేలికైన దారి.

హైదరాబాద్ ఎండ అంటే మాటలు కాదు

ఎండ తీవ్రతను కొలవడానికి యూవీ ఇండెక్స్ అనే లెక్క ఉంది. 3 దాటితే చర్మానికి రక్షణ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 దాటితే అత్యంత తీవ్రం. హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే. చలికాలం మధ్యాహ్నం కూడా 3 పైనే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఏటా రెండుసార్లు "నీడ లేని రోజు" వస్తుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ కనిపించదు. ఆగస్టు అంటే వానాకాలం కదా, ఎండ ఎక్కడిది అనుకుంటాం. కానీ పల్చటి మబ్బుల్లోంచి 80 శాతం వరకు అతినీలలోహిత కిరణాలు కిందికి దిగుతాయి. వేడి తగ్గిందంటే కిరణాలు తగ్గినట్టు కాదు.

మనవాళ్లలో ముడతల కంటే ముందు మచ్చలు

మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. అది సహజమైన గొడుగులా పనిచేస్తుంది. అందుకే తెల్లవాళ్లతో పోలిస్తే మనకు ముడతలు కాస్త ఆలస్యంగా వస్తాయి. చామనఛాయ లోపం కాదు, రక్షణ. రంగు తేడాల వెనక జన్యువులున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఈ జన్యువుల మీద పరిశోధనలు చేశారు.

కానీ అదే మెలనిన్‌తో ఒక చిక్కు ఉంది. ఎండ తగిలినా, మొటిమ గిల్లినా, గట్టిగా రుద్దినా రంగు కణాలు రెచ్చిపోయి మచ్చ పెడతాయి. బుగ్గల మీద, నుదుటి మీద వచ్చే మంగు మచ్చలు మనవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో హార్మోన్ల వల్ల ఇవి ఇంకా పెరుగుతాయి. మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచగలదు. అందుకే మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత రంగు ఉండే సన్‌స్క్రీన్ వాడమని డాక్టర్లు సూచిస్తుంటారు.

ఏసీ, ల్యాప్‌టాప్, ట్యాంకర్ నీళ్లు.. తప్పు ఎవరిది?

ఏసీ గాలిలో తేమ తక్కువ. రోజంతా అందులో కూర్చుంటే చర్మం పొడిబారి సన్నగీతలు బయటపడతాయి. ఇవి అసలు ముడతలు కావు. మాయిశ్చరైజర్ రాస్తే చాలావరకు సర్దుకుంటాయి.

ల్యాప్‌టాప్, ఫోన్ల నుంచి వచ్చే నీలి వెలుతురుతో ముఖం ముసలిదైపోతుందని ప్రకటనలు ఊదరగొడుతుంటాయి. ఆ వెలుతురు సూర్యకాంతితో పోలిస్తే చాలా చాలా తక్కువ. దానికోసం ప్రత్యేకంగా క్రీమ్ కొనాల్సిన పనిలేదు. సీటు పక్కన పెద్ద అద్దాల గోడ ఉంటే మాత్రం స్క్రీన్ కంటే దాని గురించే ఎక్కువ ఆలోచించాలి.

ఐటీ కారిడార్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు బోరు, ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, కడిగినా జిడ్డుగా చర్మం మీదే మిగిలిపోతుంది. దురద, పొడిబారడం పెరుగుతాయి. దీనివల్ల ముడతలు రావు కానీ చర్మం పైపొర దెబ్బతింటుంది. ఘాటు సబ్బు మానేసి మైల్డ్ ఫేస్‌వాష్ వాడటం, స్నానం అయిన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోవడం మంచిది.

సిగరెట్ మాత్రం నిజంగానే దోషి. టీ బంకు దగ్గర బ్రేక్‌కి వెళ్లిన ప్రతిసారీ వెలిగించే సిగరెట్ చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది, కొలాజెన్‌ను తెంపే ఎంజైములను పెంచుతుంది. పెదాల చుట్టూ గీతలు పడతాయి. ఏ ఖరీదైన సీరమ్ దీన్ని సరిచేయలేదు.

అసలు ప్రమాదం.. మెడికల్ షాపు క్రీమ్

పెళ్లిచూపులు ఉన్నాయనో, ఇంటర్వ్యూ ఉందనో, ఫ్రెండ్ వాడితే గ్లో వచ్చిందనో మెడికల్ షాపుకి వెళ్లి "మచ్చలు పోయే క్రీమ్ ఇవ్వండి" అని అడుగుతుంటారు. అలా చేతికొచ్చే ట్యూబుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది.

మొదటి రెండు మూడు వారాలు అద్భుతంగా ఉంటుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, రంగును అణచిపెడుతుంది. ముఖం తెల్లగా, నున్నగా మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ అసలు రంగు బయటపడుతుంది. చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, ఆడవాళ్లకు కూడా ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఆపేద్దామంటే మంట, ఎరుపు. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే క్రీమ్ రాస్తారు.

గమనించారా? చర్మం పల్చబడటం, కొలాజెన్ తగ్గడం.. ఇవి వయసు లక్షణాలే. వయసు కనపడకూడదని రాసుకున్న క్రీమే చర్మానికి ముందే వయసు తెచ్చిపెడుతోంది.

ఇది ఎక్కడో ఒకరిద్దరి సమస్య కాదు. దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో చర్మవైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. ఆ తర్వాత 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు.

ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అనే పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడే. కొన్ని జబ్బులకు ఇవి మంచి మందులు. కానీ డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులే రాయాలి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపేసి బాధపడొద్దు. చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి విషయం దాచకుండా చెప్పండి. మెల్లగా ఎలా మాన్పించాలో వాళ్లకు తెలుసు.

ఇంకో ముప్పు పాదరసం. ఊరూపేరూ లేని కొన్ని ఫెయిర్‌నెస్ క్రీముల్లో ఇది ఉంటుంది. చర్మం గుండా ఒంట్లోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కేరళలోని కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులకు ఇది కళ్లారా కనిపించింది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ మధ్య మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిలో 15 మందికి ఒక అరుదైన రకం ఉన్నట్టు తేలింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. చాలామందికి క్రీమ్ ఆపాక నయమవుతూ వచ్చింది. తయారీదారు చిరునామా లేని క్రీమ్, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్ లేని విదేశీ క్రీమ్ ఆన్‌లైన్‌లో ఎంత చవగ్గా దొరికినా ముట్టుకోవద్దు.

తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు చేయించుకునే ఫ్యాషన్ కూడా పెరిగింది. వీటి వాడకంపై ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ తమ ప్రజలను బహిరంగంగానే హెచ్చరించింది. రంగు కోసం నరానికి సూది ఎక్కించుకునే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

మరి ఏం చేయాలి? నాలుగు పనులు చాలు

1. సన్‌స్క్రీన్: ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్నది తీసుకోండి. ఎస్‌పీఎఫ్ చెప్పేది ముఖ్యంగా యూవీబీ గురించే. యూవీఏ కోసం ట్యూబు మీద "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని గానీ, పీఏ+++ అని గానీ ఉందేమో చూడాలి. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం యూవీబీని ఆపుతాయి. కాబట్టి నంబర్ కోసం ఎక్కువ డబ్బులు పెట్టడం కంటే సరిపడా రాయడం ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకి సరిపోతుంది. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆఫీసులో ఉండేవాళ్లు మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్లేముందు, సాయంత్రం వెలుతురు ఉండగా ఇంటికి బయల్దేరేముందు రాస్తే మంచిది.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటే రుజువుంది. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 55 ఏళ్లలోపు 903 మందిని నాలుగున్నరేళ్లు పరిశీలించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఇష్టం వచ్చినప్పుడు రాసినవాళ్లతో పోలిస్తే చర్మం వయసు పెరగడం 24 శాతం తక్కువగా ఉందని 2013లో తేల్చారు.

2. బట్ట, గొడుగు: స్కూటీ మీద వెళ్లే అమ్మాయిల చున్నీ, బైకర్ల ఫుల్ స్లీవ్స్, కూలీల తలపాగా.. ఇవన్నీ చవకైన, చెమటకు కరిగిపోని రక్షణలు. దట్టమైన నేత బట్ట పల్చటి బట్ట కంటే బాగా ఆపుతుంది. డెలివరీ బాయ్స్, ట్రాఫిక్ పోలీసులు, పారిశుధ్య కార్మికులు, కన్‌స్ట్రక్షన్ పనివాళ్లు రోజుకు నాలుగుసార్లు సన్‌స్క్రీన్ రాయడం జరిగే పని కాదు. వాళ్లకు అంచున్న టోపీ, ఫుల్ స్లీవ్స్, మధ్యాహ్నం నీడలో విరామం ఇవ్వడం పని ఇచ్చేవాళ్ల బాధ్యత.

3. మాయిశ్చరైజర్: రోజుకు రెండుసార్లు. ఖరీదైనదే అక్కర్లేదు, వాసన లేని మామూలుదైనా చాలు.

4. రాత్రిపూట రెటినాల్: ముడతల మీద ఎక్కువ రుజువులున్నవి విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినాయిడ్లే. ట్రెటినాయిన్ డాక్టర్ చీటీతో వాడాలి. రెటినాల్ కొంచెం తేలికైనది. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, శనగగింజంత మాత్రమే రాయాలి. ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వీటిని వాడకూడదు.

వంటింటి చిట్కాల మాటేంటి?

సున్నిపిండి వాడొచ్చు, కానీ బరబరా రుద్దొద్దు. గట్టిగా రుద్దితే మచ్చలు పెరుగుతాయి. పొడిచర్మం ఉన్నవాళ్లు స్నానానికి ముందు ఒంటికి నూనె పట్టించడం మంచి అలవాటే. నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది.

తిండి విషయానికొస్తే, రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది కొలాజెన్‌కి అతుక్కుని పోగులను బిరుసుగా మారుస్తుంది. ప్రతి మీటింగ్‌లో బిస్కెట్లు, కూల్‌డ్రింకులు తగ్గిస్తే నడుముకే కాదు, ముఖానికీ మేలే.

సన్‌స్క్రీన్ రాస్తే విటమిన్ డి తగ్గదా అని చాలామంది అడుగుతారు. రోజువారీ వాడకంలో పెద్దగా తగ్గదని పరిశోధనలు చెబుతున్నాయి. ముఖానికి రాసి, చేతులకు, కాళ్లకు కాసేపు ఎండ తగలనివ్వొచ్చు. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు మాత్రలు వాడాలి.

క్లినిక్‌కి వెళ్లేముందు

కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలిలో వీధికో స్కిన్ క్లినిక్ ఉంది. లేజర్, పీల్, బొటాక్స్ చేసేది ఎవరో ముందు అడగండి. చర్మవ్యాధుల్లో ఎండీ గానీ, డీవీఎల్ డిప్లొమా గానీ ఉందా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో పేరు రిజిస్టర్ అయి ఉందా చూసుకోండి. అడిగితే నొచ్చుకునే చోట ముఖం అప్పగించొద్దు. మన చర్మానికి లేజర్ సెట్టింగ్ తప్పితే మచ్చ మిగిలిపోతుంది. డబ్బులు పెట్టలేనివాళ్లకు ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి.

పుట్టుమచ్చ ఉన్నట్టుండి పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా, ఏదైనా పుండు వారాల తరబడి మానకపోయినా అది అందం సంగతి కాదు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

చివరిగా ఒక్కమాట. నలభై ఏళ్లకు నలభై ఏళ్ల ముఖం ఉండటం జబ్బు కాదు. దాన్ని పాతికేళ్ల ముఖంగా మారుస్తానని ఏ ట్యూబు చెప్పినా నమ్మొద్దు. ఎండ వల్ల అదనంగా మీదపడే ఏళ్లను మాత్రం ఒక గొడుగు, రెండు వేళ్ల సన్‌స్క్రీన్ చాలావరకు ఆపగలవు. రేపు పొద్దున కారు ఎక్కేటప్పుడు ఎండ ఏ పక్క నుంచి వస్తోందో ఒక్కసారి చూసుకోండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చర్మ సమస్యలు ఉన్నవాళ్లు మందులు మొదలుపెట్టే ముందు, ఆపే ముందు చర్మవైద్యులను సంప్రదించాలి.